కొత్త ఫర్నేస్ సంగతి తర్వాత, ముందు సందులు మూయండి

ప్రశ్న: మంచు పడే చోట ఇల్లు కొన్నాం. పోయిన చలికాలం గ్యాస్, కరెంటు బిల్లులు చూసి గుండె గుభేలుమంది. ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ పాతదే అయినా పనిచేస్తోంది. ఈఎంఐ మీద కొత్తది తీసుకోమంటున్నారు. డౌన్ పేమెంట్‌కి ఎమర్జెన్సీ ఫండ్ వాడొచ్చా?

జవాబు: వద్దండీ. నడుస్తున్న మెషీన్ కోసం ఆ డబ్బు కదపకండి, అందులోనూ చలికాలం ముందు. ఆ ఫండ్ అవసరం ఎక్కువగా పడేది చలికాలం నెలల్లోనే.

నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గోడలోని పైపు పగిలితే ప్లంబర్‌కి ఇచ్చేది ఒక లెక్కే కాదు. తడిసిన గోడలు, ఉబ్బిన ఫ్లోరింగ్ బాగుచేయించడానికే తడిసి మోపెడవుతుంది. అందుకే ముందు బయటి గోడల వెంట, వేడి అందని చోట ఉన్న పైపులకు ఫోమ్ తొడుగులు వేయించండి. బయటి కుళాయికి లోపలే నీళ్లు కట్టేసి, పైపులో మిగిలినవి వదిలేయండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. ఊరెళ్తే హీటింగ్ పూర్తిగా ఆపొద్దు, 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. బీమా పాలసీ కూడా ఒకసారి చదవండి. ఖాళీ ఇంట్లో పైపు పగిలితే క్లెయిమ్‌కి షరతులు పెట్టే పాలసీలున్నాయి.

తర్వాత సందులు. గాలి వీచే రోజు అగరొత్తి వెలిగించి కిటికీ అంచుల వెంబడి, తలుపు కింద మెల్లగా తిప్పండి. కర్టెన్లు పక్కకి జరిపి మరీ. పొగ పక్కకి వాలిన చోటల్లా సీలెంటో రబ్బరు పట్టీయో వేయాలి. ఖర్చు తక్కువ, మీరే చేసుకోవచ్చు. పైకప్పు కింద వేడి బయటికి పోకుండా వేసే పొరకి (ఇన్సులేషన్) ఎక్కువే అవుతుంది, కానీ అది కూడా ఫర్నేస్ కన్నా ముందే. ఇంట్లోంచి ఎంత వేడి పోతోందన్న దాన్ని బట్టే ఫర్నేస్ సైజు నిర్ణయిస్తారు. వేడి పోవడం తగ్గితే చిన్నదే సరిపోవచ్చు. అమ్మేవాళ్లు ఈ మాట ముందుగా చెప్పరు లెండి.

'కరెంటు ఆదా చేసే' రూమ్ హీటర్ల ప్రకటనలు నమ్మకండి. 1500 వాట్ల హీటర్ ఫుల్లుగా నడిస్తే, ఖరీదైనదైనా చవకదైనా, గంటకి ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది, ఇచ్చే వేడీ అంతే. ఒక్క గదికైతే పర్లేదు.

గత 12 నెలల బిల్లులన్నీ కూడి 12తో భాగించండి. నెలనెలా అంత మొత్తం విడి ఖాతాలో వేసి బిల్లులు అందులోంచే కడితే, ఎండాకాలంలో మిగిలింది చలికాలానికి ఆసరా. కొత్త ఫర్నేస్‌కి ఇంకో ఖాతా ఇప్పుడే మొదలుపెట్టండి. ఈఎంఐకే వెళ్లాల్సివస్తే, ఏడాదికి కట్టే వడ్డీనీ బిల్లులో తగ్గే మొత్తాన్నీ పక్కపక్కన రాసి చూడండి.

ఒక్క సందర్భంలో మాత్రం నా జవాబు మారుతుంది. సీజన్‌కి ముందు టెక్నీషియన్‌తో చెక్ చేయించినప్పుడు హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోపలి భాగం) పగిలిందని తేలితే ఆ ఫర్నేస్ ఇక వాడకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. అప్పుడు మొహమాటం లేకుండా ఎమర్జెన్సీ ఫండ్ తీయండి.