గోపాల్‌పూర్ పాత రేవులో ఒక రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బరంపురంలో ఉండే మాకు గోపాల్‌పూర్ అంటే సాయంత్రం బీచ్‌లో గంటసేపు కూర్చుని తిరిగి రావడమే. వచ్చే నెల విజయనగరం నుంచి మా ఆడపడుచు కుటుంబం వస్తోంది. మా మామగారి తండ్రి రంగం (రంగూన్) ఓడ ఎక్కింది అక్కడేనని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ పాత రేవు ఇంకా ఉందా? ఒక్క రోజులో వారికి ఏమేం చూపించవచ్చు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ ఇంట్లో చెప్పుకునే మాట నమ్మదగినదే. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం పల్లెల నుంచి బర్మాకు కూలి పనులకు వెళ్ళినవారిలో చాలామంది ఓడ ఎక్కింది గోపాల్‌పూర్‌లోనే. 1942లో రంగూన్ జపాను సేనల వశమయ్యాక ఆ రాకపోకలు నిలిచిపోయి, రేవు కళ తప్పింది. అయితే ఓడ వచ్చి గట్టుకు ఆనే చోటును ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. ఇది కెరటాలకు అడ్డేమీ లేని సముద్రతీరం కనుక ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులనూ మూటలనూ మసూలా పడవల్లో అక్కడికి చేరవేసేవారు. ఆ పడవల పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. కెరటం విరిగి పడవను ఇసుకకేసి కొట్టినప్పుడు, మేకులు దిగిన పలక చీలిపోతుంది కాని, కుట్టిన పలక కాస్త వంగి ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. ఇప్పుడు ఒడ్డున కనిపించేవి ఎక్కువగా ఫైబర్ పడవలే. ఇప్పుడు చూడదగినవి ఒడ్డు పొడవునా శిథిలమైన ఆనాటి గోడలు, దీపస్తంభం. సరకు ఓడలు వచ్చే నేటి రేవు ఉత్తరాన అర్జిపల్లి దగ్గర ఉంది. చుట్టాలకు చూపించేందుకు అక్కడ పెద్దగా ఏమీ లేదు.

బరంపురం నుంచి దూరం 16 కిలోమీటర్లే కనుక తెల్లవారకముందే బయలుదేరండి. ఇక్కడ సూర్యుడు ఉదయించేది సముద్రంలోంచి, అస్తమించేది ఊరి వెనుక. సాయంత్రాలే వెళ్ళే మీరు ఇన్నాళ్ళూ చూసింది సగమేనని నా అభిప్రాయం. వేటకు వెళ్ళిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరడం, వలలు విదిలించడం, కానాగంతలు, కవళ్ళు వంటి చేపలకు అక్కడికక్కడే వేలం పాట పెట్టడం ఉదయం పూట చూడవలసినవి. ఎండ ముదిరేలోగా శిథిలాల వైపు నడిచి రండి. మధ్యాహ్నం ఇసుక మీద నిలవలేరు. భోజనం చేసి, నీడన కాసేపు నడుం వాల్చడం మంచిది. దీపస్తంభం ఎక్కడానికి సాయంత్రం వైపు సమయం ఉంచుకోండి, ప్రవేశ వేళలు మాత్రం ముందుగా అడిగి తెలుసుకోండి. ఒక్క మాట: 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. అంతకు ముందటి ఫొటోలు పట్టుకుని ఆనవాళ్ళు వెతకవద్దు.

ప్రశ్న: పిల్లలతో వెళుతున్నాం. సముద్ర స్నానం చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: పాదాలు తడిసేంత వరకే. ఓడలను ఒడ్డుకు రానివ్వని కెరటాలు ఇవే. ఒడ్డు ఏటవాలుగా ఉండడం వల్ల అల దాదాపు మన కాళ్ళ దగ్గరే విరుగుతుంది, వెనక్కి మళ్ళే నీరు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చిన పెద్దవారైనా నీటి లాగుడులో చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, లాగుడు తగ్గిన చోట గట్టుకు మళ్ళాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సముద్రం మరింత పోటు మీద ఉంటుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరికలు చూసుకోనిదే ప్రయాణం పెట్టుకోకూడదు. మీ అంచనా ఏదైనా, దిగవద్దని అక్కడి జాలరి చెబితే దిగవద్దు.

ప్రశ్న: బెస్తవాడలోకి వెళ్ళి చూడవచ్చా? మాకు ఒడియా అంతగా రాదు.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఒడియావారు నోలియాలని పిలిచే ఆ మత్స్యకారుల్లో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, వారిలో వాడబలిజ కులస్థులు ఎక్కువ. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కదా. కాబట్టి భాష ఇబ్బంది ఉండదు. అయితే అది వారు కాపురముండే చోటు, ప్రదర్శనశాల కాదు. అన్నా, అక్కా అని పలకరించి, అడిగాకే ఫొటో తీయండి. ఆరబెట్టిన వలలను తొక్కవద్దు. చేపలు కొనదలిస్తే పాట ముగిశాక, తట్టలు నెత్తికెత్తుకోబోయే ఆడవాళ్ళ దగ్గర బేరమాడండి. ఇంటికి తీసుకువెళ్ళడానికి మూత బిగుతుగా ఉండే డబ్బా, అందులో మంచుగడ్డ, బరంపురం నుంచే తెచ్చుకోవాలి.