సీరియల్లో పనిమనిషికి మాత్రమే మా అమ్మ యాస

సినిమాల్లో, సీరియళ్ళలో ఆడవాళ్ళని చూపించే తీరు గురించి ఫెమినిస్టులు చెప్పే మాటలు మామూలు ఇళ్ళలో ఎవరికైనా తగుల్తాయా అని కొందరు అడుగుతుంటారు. తగుల్తాయండి, మా ఇంట్లో తగిలాయి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలోకి వెళ్ళిపోయిన ఊరు, కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అదేమో ఆంధ్రా. నేను చదివింది ఒడియా మీడియం, ఇంట్లో మాత్రం శ్రీకాకుళం తెలుగు, అందుకని మాకు టీవీయే తెలుగు బడి. సాయంత్రమైతే అమ్మ, వీధిలో పిన్నిలు చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ సీరియల్ చూసేవాళ్ళు. అందులో అత్త, కోడలు, ఆడపడుచు అందరిదీ ఒకటే తెలుగు, పనిమనిషి ఒక్కతే "ఒలమ్మా, ఏటైపోనాదమ్మగారో" అనేది, వెంటనే కామెడీ మ్యూజిక్. మా అమ్మా నవ్వేది. అచ్చం అమ్మ మాట్లాడే మాటే అది.

వైజాగ్ హాస్టల్లో చేరాక ఒకమ్మాయి "ఏంటే, సీరియల్లో పనమ్మాయిలా మాట్లాడతావు" అంది. ఆ రోజు నుంచి నోరు మార్చేసుకున్నాను, నెల తిరక్కుండానే ఫోన్లో అమ్మతో కూడా అదే మాట వచ్చేసింది. అమ్మ కాసేపు ఆగి "నాతో కూడా ఇలాగే మాటాడతావేటే?" అంది. ఏం చెప్పాలో తెలీక ఫోన్ పెట్టేశాను.

లారా మల్వీ అనే బ్రిటిష్ సినిమా విమర్శకురాలు 1975లోనే రాసింది, సినిమాలో చూసేది మగాడి చూపు, ఆడది ఆ చూపు కోసం పెట్టిన బొమ్మ అని. పాటల్లో కెమెరా నడుము దగ్గర ఎంతసేపు ఆగుతుందో చూస్తే చాలు అర్థమవుతుంది. కానీ నాకు చూపు కంటే గొంతు దగ్గరే ఎక్కువ నొప్పి. మన హీరోయిన్లు చాలామంది వేరే రాష్ట్రాల వాళ్ళు, గొంతేమో డబ్బింగ్ ఆర్టిస్టుది, ఆ గొంతు ఏ ఊరిదో తెలీదు. ఊరు తెలిసే గొంతు గిన్నెలు తోమే పాత్రకిస్తారు, పోనీ ఆమెకైనా ఒక ఇల్లు, పిల్లలు, ఒక బాధ ఉంటాయా అంటే ఉండవు, నవ్వించి వంటింట్లోకి పోవాలంతే. నన్ను పనమ్మాయితో పోల్చారని కాదండి నా బాధ, పని చేసుకుని బతికే మనిషి నోరు విప్పితే నవ్వాలని మా అందరికీ నేర్పించారే, అది.

2017లో ఫిదాలో సాయిపల్లవి తన గొంతుతోనే తెలంగాణ యాస మాట్లాడితే అక్కడి అమ్మాయిల సంబరం చూసి మాకెప్పుడా అనుకున్నా. 2025లో తండేల్ వచ్చింది, ఈసారి హీరోయిన్‌కే మా యాస. అమ్మని టెక్కలి తీసుకెళ్ళి చూపించాను. తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా అమ్మ ఒకటే చెప్పడం, ఆ పిల్ల ఏ మాట సరిగ్గా పలికిందో, ఏ మాట మనం అలా అనమో.