సీటు లెక్కకు ముందు డబ్బు లెక్క

చిరంజీవి హారికకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు అమెరికా కాలేజీలకు అప్లై చేస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్ అంటూ ఆవకాయ సామాన్లు చదివినట్టు గడగడా చదివేసింది. నాకు గర్వంగానే అనిపించింది. సాయంత్రం వాకింగ్‌లో మా బెంగళూరు మల్లేశ్వరం మొత్తానికి చెప్పేశాను కూడా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నీ ఛాన్స్ ఎంతో చెప్పమన్నావట. అది ఎవరూ చెప్పలేరు తల్లీ. ఆ మూడు చోట్లా వందమంది అడిగితే ఐదుగురికి ఇస్తే ఎక్కువ. లెక్కల ఒలింపియాడ్‌లో జాతీయ స్థాయి పరీక్ష ఐఎన్ఎంఓ దాకా వెళ్లావు, సంతోషం. అలాంటివాళ్లే అక్కడ చాలామంది పోటీపడతారు. మార్కులు కొట్టగానే ఇంత శాతం అని చూపించే సైట్లు చూసి టెన్షన్ పడకు. నువ్వు ఏం రాశావో వాటికి తెలియదు, మీ ఇంట్లో ఎంతుందో అసలే తెలియదు.

అప్లికేషన్‌లో పెట్టే వ్యాసం 650 పదాలు దాటకూడదు కదా, అది నువ్వే రాయి. మీ నాన్న చెయ్యి పడనివ్వకు, ఆయన వాక్యానికో 'కైండ్లీ' పెడతారు. సిఫారసు లెటర్లు టీచర్లను ఆగస్టులోనే అడుగు, దసరా సెలవుల్లో దొరకరు.

ఇక అసలు సంగతి. 2009లో మీ అన్నయ్యకు ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. అప్పటికి నువ్వు ఊయల్లో ఉన్నావు. మీ పెదనాన్నకు ఆ మాటెత్తితే ఇప్పటికీ నచ్చదు.

ఎవరో ఒక హోటల్ హాల్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టి మీటింగ్ పెట్టారు. ఆర్థిక సాయం కావాలని రాస్తే సీటు రాదు, వద్దని రాయండి, సీటొచ్చాక అడగొచ్చు అని చెప్పారట. పెదనాన్న ఆ మాట పట్టుకున్నారు. ఎర్లీ డిసిషన్ కింద, అంటే సీటిస్తే తప్పక చేరతామని ఒప్పుకుని ఒక్క కాలేజీకి ముందుగా వేస్తే, ఛాన్స్ ఎక్కువని కూడా విన్నారు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. సాయం కావాలా అనే ప్రశ్న దగ్గర అవును, కాదు అని రెండు గడులున్నాయి. పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకుని 'కాదు' మీద నొక్కారు. "మనం అడుక్కునేవాళ్లమా" అన్నారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు అందరికీ అప్పులిచ్చిన మనిషి, తను చెయ్యి చాపడం ఆయనకు చేతకాలేదు.

డిసెంబరులో సీటొచ్చింది. తెల్లవారుజామున మెయిల్ చూసి మీ అన్నయ్య ఇల్లంతా లేపాడు. ఆ పొద్దున్నే పెదనాన్న వీధంతా మైసూర్‌పాక్ పంచారు. తరవాత ఫీజు కాగితం వచ్చింది, ఏడాదికి దాదాపు 50,000 డాలర్లు. సాయం కావాలని రాస్తే, మొదట అడగనివాళ్లకు నాలుగేళ్లూ ఇవ్వం, అది మా రూల్ అని జవాబొచ్చింది.

పెదనాన్న ఒక్క మాట అనలేదు. బీరువాలో పసుపు బట్టలో చుట్టి ఉన్న యలహంక సైటు పత్రాలు తీసి, సంపిగె రోడ్డులో జిరాక్స్ తీయించి బ్రోకర్‌కి ఇచ్చొచ్చారు. ఆ జిరాక్సులో ఒక పేజీ మీ అన్నయ్య కంట పడింది. వాడు మాతో గొడవ కూడా పడలేదు, రాలేనని వాడే మెయిల్ రాసి పంపేశాడు. సీటు వస్తుందన్న ధీమాతో అక్టోబరులోనే జేఈఈ కోచింగ్ మానేశాడు. మిగతా కాలేజీలకు అప్లికేషన్లూ వేయలేదు. చివరికి కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీ రాసి ఇక్కడే చేరాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడులే, సొంతిల్లు, పిల్లలు. కానీ ఇంటికి ఎవరైనా మైసూర్‌పాక్ తెస్తే ముట్టడు. మీ పెదనాన్న అది చూస్తారు, వెంటనే టీవీ సౌండ్ పెంచుతారు.

నీ మీద కోప్పడటానికి ఇదంతా రాయలేదు. మీ నాన్న కూడా అలాంటి మనిషే, అదే నా భయం.

ఒకటి బాగా గుర్తుపెట్టుకో. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల సాయం అడిగినా, విదేశీ పిల్లలకు కూడా, సీటు విషయంలో అది లెక్కలోకి తీసుకోరు. సీటిస్తే మీ ఆదాయం చూసి, మీరు కట్టలేని మొత్తం వాళ్లే భరిస్తారు. అక్కడ మొహమాటపడి వద్దని రాయడం తెలివితక్కువ. మిగతా చాలా కాలేజీల్లో సాయం అడిగితే ఛాన్స్ తగ్గేమాట నిజమే, ఆ హాల్లో అంతవరకు అబద్ధం చెప్పలేదు. సీటొచ్చాక అడగొచ్చు అన్నదే మా కొంప ముంచింది. ఇప్పుడు ఖర్చు ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. నాలుగేళ్లకు రూపాయల్లో ఎంతవుతుందో ముందు నువ్వే లెక్కెయ్యి.

ఎర్లీ డిసిషన్‌ మీద నువ్వూ, మీ నాన్నా, స్కూల్ కౌన్సెలర్ సంతకాలు చేస్తారు. సీటిస్తే చేరతామని ఒప్పుకున్నట్టే. డబ్బు సంగతి తేలకుండా దాని జోలికి వెళ్లకు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లకు ముందుగా వేసినా కట్టుబడనక్కర్లేదు, కాకపోతే అప్పుడు ఇంకో ప్రైవేటు కాలేజీకి ముందుగా వేయనివ్వరు.

ఇంకో మాట. మన దగ్గరున్న సైన్సు సంస్థ ఐఐఎస్సీ, మైసూరు రోడ్డులో స్టాటిస్టిక్స్, లెక్కలు చెప్పే ఐఎస్ఐ, చెన్నై సిరుసేరిలో లెక్కల సంస్థ సీఎంఐ, వీటిని "సేఫ్టీ" అన్నావట, ఎక్కడా రాకపోయినా ఇవి ఎలాగూ వస్తాయన్నట్టు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. లెక్కలంటే పిచ్చి ఉన్న పిల్లలు సీఎంఐ, ఐఎస్ఐ పరీక్షలకు ఎలా తయారవుతారో వెళ్లి చూడు. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరస రెండేళ్లలో రెండుసార్లకు మించి రాయనివ్వరు, కాబట్టి కోచింగ్ మానకు. ఐఐఎస్సీ వస్తే నాకు మహానందం, మా ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు. అది నా స్వార్థం, పట్టించుకోకు.

చలికి భయపడకు, స్వెట్టర్లు నేను అల్లుతాను.

ఆదివారం పొద్దున్నే మీ నాన్నను తీసుకుని రా, ఉగ్గాణి చేస్తాను. ఆయన్ను జీతం, పన్ను వివరాలుండే ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెమ్మను. సిగ్గుపడితే పెద్దమ్మ తెమ్మందని చెప్పు. ఆ సాయం ఫారాలు మీ పెదనాన్నే దగ్గరుండి నింపుతానంటున్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ