హాల్లో కుందేలుకు చోటెలా?

ప్రశ్న: అయిదు నెలల కుందేలు ఉంది. దుకాణం వాళ్లిచ్చిన రెండడుగుల ఇనుప జాలీ బోనులో, బాల్కనీలో ఉంచుతున్నాం. ఈమధ్య వెనక కాళ్ల అడుగున బొచ్చు ఊడి ఎర్రబడింది. హాల్లోకి మార్చాలంటే ఏమేం కావాలి? మాది చిన్న ఫ్లాట్, నేల టైల్స్.
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ముందు కాళ్ల సంగతి చూడండి. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తలు ఉండవు, బొచ్చే రక్ష. జాలీ తీగల ఒత్తిడికి మూత్రం తడి తోడైతే ఆ బొచ్చు ఊడి, పుండు పడుతుంది. అది ఎముక దాకా దిగితే మానడం చాలా కష్టం. వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో గానీ, కుందేళ్లను చూసే అనుభవమున్న డాక్టరుకు గానీ వెంటనే చూపించండి. బోను వాడకం ఇవాళే ఆపేయండి.

దాని బదులు కుక్కపిల్లలకు వాడే మడత కంచె కొనండి. 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున్న పలకలు 8 కావాలి. విడిగా నిలబెడితే 4×4 అడుగుల చోటే వస్తుంది. గోడను ఒక పక్కగా వాడుకుంటే 8×4 వస్తుంది. ఎత్తు తగ్గితే దూకేస్తుంది. ఇంత చోటున్నా రోజూ మూడు నాలుగు గంటలు హాల్లో తిరగనివ్వాలి. వదిలే ముందు ఫ్రిజ్, టీవీ వైర్లను గట్టి పైపుల్లో దూర్చండి. కనిపించిన వైరు కొరకకుండా ఉండదు.

టైల్స్ మీద కాళ్లు జారతాయి. నూలు జంపఖానా పరిచి, పైన రంగు వేయని తుంగచాప వేయండి. చాపను కొరికినా భయం లేదు. ముక్కలు ముక్కలుగా అతికించే ఫోమ్ చాపలు మాత్రం వద్దు, మింగితే పేగుకు అడ్డం పడతాయి.

మలమూత్రాల కోసం ఒక మూల 16×12 అంగుళాల ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అంగుళం మందాన కాగితపు గుళికలు పోయండి. పిల్లులకు వాడే, తడికి గడ్డకట్టే ఇసుక పనికిరాదు. కుందేలు ఎండుగడ్డి నములుతూనే పెంటికలు వేస్తుంది, అందుకని గడ్డిని టబ్బు అంచునే పెడితే అలవాటు త్వరగా పడుతుంది. తడిసిన గుళికలు రోజూ తీసేయాలి. మూత్రం ఘాటుకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తెల్లటి మరకలు వెనిగర్‌తో పోతాయి. అక్కడా ఇక్కడా మూత్రం చిమ్ముతుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే సంగతి డాక్టరుతో మాట్లాడండి. ఈ వయసులో చేయించవచ్చు.

చెన్నైలో అసలు శత్రువు ఎండ. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. అందుకే ఒట్టి ఫ్యాన్ గాలి పెద్దగా పనిచేయదు. గది 28 డిగ్రీలు దాటితే జాగ్రత్త పడాలి. అగ్నినక్షత్రం రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, మధ్యాహ్నం ఏసీ 25 దగ్గర ఉంచండి. కరెంటు పోతుందన్న భయముంటే లీటరు నీళ్ల సీసాలు రెండు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి కంచెలో ఉంచండి. పక్కనే చాప లేని టైల్ కొంత వదిలితే దానిమీద పడుకుంటుంది. నీళ్లు బరువైన పింగాణీ గిన్నెలో పెట్టండి, సీసా గొట్టంతో కావలసినంత తాగలేదు.

నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ వాలిపోతే వడదెబ్బే. చెవులను చల్లటి నీళ్లతో తడిపి ఆసుపత్రికి పరుగెత్తండి. ఐసు నీళ్లలో ముంచకండి, ఆ తాకిడికే ప్రాణం పోవచ్చు. ఎండ లేని రోజైనా సరే, 12 గంటలు తిండి ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లారేదాకా ఆగకండి.