పెరికార్డైటిస్, మయోకార్డైటిస్, ఎండోకార్డైటిస్ తేడాలు గుర్తుండాలంటే నర్సింగ్ విద్యార్థి ఏం చేయాలి?

గుండె చుట్టూ ఉన్న సంచికి వాపు వస్తే పెరికార్డైటిస్, గుండె కండరానికి వస్తే మయోకార్డైటిస్, లోపలి పొరకూ కవాటాలకూ వస్తే ఎండోకార్డైటిస్. ఈ మూడింటి లక్షణాలూ కలగాపులగమవుతున్నాయనీ, పట్టిక బట్టీపడితే సరిపోతుందా అనీ బీఎస్సీ నర్సింగ్ విద్యార్థి ఒకరు అడిగారు. పరీక్షకు సరిపోతుంది, వార్డుకు మాత్రం చాలదు. గుండె జబ్బుల వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సుగా నా అభిప్రాయమేమిటంటే, ముందు చేత్తో బీపీ చూడడం నేర్చుకోవాలి. ప్రశ్నకూ దీనికీ సంబంధం ఉంది.

ఒక రాత్రి డ్యూటీలో, క్షయకు మందులు మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాని ఒక యువకుడు ఛాతీ నొప్పితో చేరాడు. వెల్లకిలా పడుకున్నా, గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పి పెరిగేది, ముందుకు వంగి కూర్చుంటే తగ్గేది. తల్లి "కాసేపు నడుం వాల్చు నాన్నా" అంటూ పడుకోబెట్టేది, అతడు మళ్ళీ లేచి దిండు ఒళ్ళో పెట్టుకుని దానిమీదికి వంగేవాడు. "అలాగే కూర్చోనివ్వండమ్మా" అని చెప్పి మంచం తలవైపు ఎత్తించాను. పెరికార్డైటిస్ రోగిని ఆ భంగిమే పట్టిస్తుంది.

మానిటర్ మీద బీపీ 96/74 ఉంది. కొంచెం తక్కువ అని రాసి ముందుకు సాగిపోయే అంకె అది. అయితే కూర్చుని ఉన్నా అతని మెడ సిరలు ఉబ్బి ఉన్నాయి, చేతులు చల్లబడ్డాయి, స్టెతస్కోపులో గుండె చప్పుడు ఎంతో దూరం నుంచి వస్తున్నట్టుంది. చేత్తో కఫ్ (బీపీ చూసేందుకు చేతికి చుట్టే పట్టీ) కట్టి గాలిని చాలా నెమ్మదిగా వదిలాను. 98 దగ్గర శబ్దం అతడు ఊపిరి వదిలినప్పుడు మాత్రమే వినబడింది, 80కి దిగాక గానీ పీల్చినప్పుడు కూడా వినిపించలేదు. ఈ తేడా 10 దాటితే పల్సస్ పారడాక్సస్ అంటారు, 1873లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ పెట్టిన పేరది. గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు నిండి చోటు లేనప్పుడు, ఊపిరి పీల్చగానే కుడివైపు చేరే రక్తం మధ్య గోడను ఎడమవైపుకు నెడుతుంది, దాంతో ఎడమ గదిలో నిండే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది. డ్యూటీ డాక్టరుకు వెంటనే చెప్పాను, ఎకోలో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) గుండె చుట్టూ నీరు కనబడింది, సూదితో తీయగానే మెడ సిరలు దిగి బీపీ పెరిగింది. సిరలు ఉబ్బాయి కదా అని ఇలాంటి రోగికి లాసిక్స్ (మూత్రం ద్వారా నీటిని బయటికి పంపే మందు) ఇస్తే, అసలే సరిగా నిండని గుండె మరింత ఖాళీ అవుతుంది.

ఆటోమేటిక్ మిషన్ ఈ తేడాను చూపదు. అయినా క్లినికల్ పోస్టింగుకు వచ్చే పిల్లల చేత రంగు పెన్నులతో కేర్ ప్లాన్లు తిరగరాయిస్తారు, చేత్తో చూసే బీపీ పరికరాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాడవుతుందన్న భయమట!

మిగతా రెండింటిలోనూ నర్సు చూసే చూపే ముఖ్యం. వైరల్ జ్వరం తర్వాత, జ్వరానికి మించిన వేగంతో నాడి కొట్టుకుంటూ ఆయాసపడే రోగిలో మయోకార్డైటిస్‌ను అనుమానించాలి, అతణ్ణి బాత్రూముకు కూడా ఒంటరిగా నడవనివ్వకూడదు, ఎందుకంటే ఏ క్షణంలోనైనా గుండె లయ తప్పవచ్చు. ఎండోకార్డైటిస్‌లో జ్వరం, మర్మర్ (గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు శబ్దం) కలిసి వస్తాయి. అక్కడ మన చేతిలో ఉన్న పెద్ద పని, యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే వేర్వేరు చోట్ల నుంచి మూడు సెట్ల బ్లడ్ కల్చర్ (ఏ క్రిమి ఉందో తెలుసుకోవడానికి సీసాల్లో పెంచి చూసే రక్తం) తీయడం. సిరలో ముందే పెట్టి ఉన్న పాత క్యాన్యులా (సన్నని గొట్టం) నుంచి రక్తం లాగకూడదు, చర్మానికి రాసిన మందు ఆరేదాకా ఆగాలి. నాలుగు నుంచి ఆరు వారాల పాటు ఏ మందు ఎక్కించాలో ఆ సీసాలే చెబుతాయి.

హాస్టల్లో ఒకరికొకరు కఫ్ కట్టుకుని సాధన చేయండి, డయల్ ఉన్న చవక పరికరమైనా చాలు. ఆరోగ్యవంతులలోనూ ఊపిరితో పాటు కొద్దిపాటి తేడా ఉంటుంది, 10 లోపు ఉండే ఆ తేడాకు చెవి అలవాటు పడితే 18 వచ్చిన రోజు ఇట్టే తెలిసిపోతుంది.