బుజ్జీ, బాణం గుర్తు చూసి మోసపోకు

బుజ్జీ,

ఇంటర్‌లో చేరి నెలైనా కాలేదు, అప్పుడే ఫిజిక్స్ అంటే టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "పరిమాణం ఒక్కటే ఉంటే అదిశ, దిశ కూడా ఉంటే సదిశ" అని బట్టీ పట్టేశావట కదా. తప్పేం కాదు గానీ అది సగం మాటే. ఆ సగం మాట నమ్ముకునే నీ వయసులో నేను విద్యుత్ ప్రవాహం సదిశ అని రాసేసి మార్కులు పోగొట్టుకున్నాను, పైగా తీగలో కరెంటు ఒకవైపుకే పోతుంది కదా మాస్టారూ అని వాదించి చీవాట్లు కూడా తిన్నాను.

కరెంటుకు దిశ ఉంది, బొమ్మలో బాణం గుర్తూ వేస్తాం, నిజమే. కానీ 3 ఆంపియర్లు, 4 ఆంపియర్లు తెచ్చే రెండు తీగలు ఒకచోట కలిస్తే, వాటి మధ్య కోణం ఎంతున్నా సరే, మూడో తీగలోంచి పోయేది 7 ఆంపియర్లే. అదే 3 న్యూటన్లు, 4 న్యూటన్ల బలాలైతే కోణాన్ని బట్టి 1 నుంచి 7 దాకా ఏదైనా రావచ్చు, లంబంగా ఉంటే 5. కూడేటప్పుడు కోణం పట్టించుకోవాలా వద్దా? నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న అది. పట్టించుకోవాల్సి వస్తే సదిశ, అక్కర్లేకపోతే దిశ ఉన్నా అదిశే.

20 కిలోల బియ్యం సంచిని నువ్వూ తమ్ముడూ చెరో చెవీ పట్టుకుని ఎత్తారనుకో. ఆనుకుని నడిస్తే చెరి 10 కిలోల బరువు. ఇద్దరూ దూరం జరిగి చేతుల మధ్య 120 డిగ్రీలయ్యేసరికి ఒక్కొక్కరి మీదా 20 కిలోల బరువూ పడుతుంది! వాడు సాయం పట్టీ నీకు ఒరిగిందేమీ లేదన్నమాట. పక్కకు లాగే అంశాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సంచిని మోసేది పైకి లాగే అంశం ఒక్కటే, ఒక్కో చెయ్యి నిలువుకు 60 డిగ్రీలు పక్కకు వంగింది కదా, కాస్ 60 అంటే సగం, కాబట్టి ఆ అంశం కాస్తా నువ్వు లాగే బలంలో సగమైపోతుంది. నమ్మకపోతే బకెట్‌తో చేసి చూడు.

మన నాగావళి 100 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. పడవ గంటకు 4 కిలోమీటర్లతో నేరుగా అవతలి గట్టువైపు, నీరు గంటకు 3తో పక్కకు. దాటడానికి 90 సెకన్లు, ఈలోగా 75 మీటర్లు కిందికి కొట్టుకుపోతావు. ప్రవాహం ఇంకా పెరిగినా ఆ 90 సెకన్లు మారవు, పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే పడవ ముక్కు ఎగువకు తిప్పాలి, అప్పుడు మాత్రం టైము పెరుగుతుంది.

ఇంట్లో మనం వడినీ వేగం అనే అంటాం, పరీక్షలో అనకు. ఎంత జోరుగా పోతున్నావో చెప్పే వడి అదిశ, ఎటు పోతున్నావో కూడా చెప్పే వేగం సదిశ. నడిచిన దారంతా దూరం, బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా కొలిచేది స్థానభ్రంశం, వీటి సంగతీ అంతే: విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి మళ్లీ గుడి దగ్గరికే వచ్చిందంటే దూరం బోలెడు, స్థానభ్రంశం సున్నా. మైనస్ గుర్తు కనిపించగానే సదిశ అనేయకు, మైనస్ 5 డిగ్రీల చలి ఏ దిక్కుకీ పోదు.

ఆదివారం శ్రీకాకుళం రా. గ్రాఫు కాగితాలు, స్కేలు, కోణమానిని తెచ్చుకో. సూత్రం జోలికి పోకుండా, సెంటీమీటరుకు ఒక న్యూటన్ చొప్పున గీసి, కొలిచి, ఓ పది లెక్కలు చేద్దాం. తమ్ముణ్ణి కూడా వెంటపెట్టుకురా, సంచి మోయడానికి రెండో మనిషి కావాలి.

పెదనాన్న