ఇంటి మీటరు మీద మెషిన్లు నడిపితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మూడేళ్లుగా కార్పెంటరీ పని చేస్తున్నాను. చెక్క చిత్రిక పట్టే ప్లేనరు, రంపం మెషిన్ రెండూ ఓనరు గారి ఇంటి మీటరు మీదే నడుస్తున్నాయి. ప్లేనరు ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమనేది, పట్టించుకోలేదు. పోయిన నెల వానకు షెడ్డు తడిసి, నా దగ్గర పనిచేసే కుర్రాడికి గట్టిగా షాకు కొట్టింది. పడిపోయి చెయ్యి విరిగింది. తర్వాత కరెంటు ఆఫీసు వాళ్లు తనిఖీ చేసి 84 వేలు కట్టాలని నోటీసు ఇచ్చారు. ఓనరు గారేమో ‘వాడింది నువ్వే, నువ్వే కట్టుకో’ అంటున్నారు. విడిగా మీటరు పెట్టుకుంటానంటే సంతకం పెట్టరట. త్రీ ఫేజ్ ప్లేనరు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకున్నాను. కుర్రాడి ఖర్చు ఎవరు భరించాలి? నా మీద కేసు అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ప్లేనరుకి కరెంటు తీసేయండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

కుర్రాడి విషయంలో సందేహమే లేదు. పని చేస్తుండగా దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాల్సింది పనిలో పెట్టుకున్న యజమాని, అంటే మీరు. వైరు ఎవరిది, మీటరు ఎవరి పేరున ఉంది అన్నది ఇక్కడ అడ్డు రాదు. మీ తప్పుందని అతను రుజువు చేయనక్కర్లేదు కూడా. ‘నాకేమీ రావాల్సింది లేదు’ అని అతని చేత కాగితం రాయించుకోమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఆ కాగితం చెల్లదు, పైగా మీ మీదకే తిరుగుతుంది. ఆసుపత్రి బిల్లులు, పని లేని రోజుల జీతం ఇప్పటి నుంచే ఇస్తూ రసీదులు దాచుకోండి.

కేసు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగా చూస్తుంది. ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మనిషే పోయి ఉంటే సెక్షన్ 106, అయిదేళ్ల వరకు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట ‘అప్పుడప్పుడు జిల్లుమనేది’ అన్నది. అనుకోకుండా జరిగిన ప్రమాదానికీ నిర్లక్ష్యానికీ మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది. మెషిన్ బాడీకి కరెంటు వస్తోందని తెలిసీ ఎందుకు నడిపారన్నదే మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న అవుతుంది. ఇలాంటి ప్రమాదాన్ని 48 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. విద్యుత్ చట్టం 161వ సెక్షన్ దీనికోసమే ఉంది. గడువు దాటిపోయినా సరే, ఇప్పుడైనా పంపండి. దాచారన్న మాట కంటే ఆలస్యంగా చెప్పారన్న మాట నయం.

ఇక నోటీసు. దాని మీద విద్యుత్ చట్టం సెక్షన్ ఏదో చూడండి. 135 అని ఉంటే అది దొంగతనం ఆరోపణ, వెంటనే లాయర్ని కలవండి. మీటరు ముట్టకుండా, యూనిట్లు మామూలుగా నమోదవుతూ ఉంటే సాధారణంగా 126 కిందే ఇస్తారు. ఇంటికని తీసుకున్న కనెక్షన్‌ను వ్యాపారానికి వాడడం అందులోకి వస్తుంది. ‘నువ్వే కట్టుకో’ అని ఓనరు గారు అన్నంత మాత్రాన ఆయన తప్పించుకోలేరు. అలాగని మీరూ తప్పించుకోలేరు. ఆ వాడకం వల్ల లాభం పొందిన వ్యక్తి నుంచి కూడా వసూలు చేయవచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది.

మీ చేతిలో ఉన్నది తాత్కాలిక అంచనా మాత్రమే. లెక్క తప్పనిపిస్తే నోటీసులో ఇచ్చిన గడువులోపు అభ్యంతరం రాసి ఇవ్వండి. రేటు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకే లెక్కగట్టాలి. తుది ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, కానీ అందుకు సగం సొమ్ము ముందు కట్టాలి. వినియోగదారుల ఫోరానికి వెళ్లి డబ్బు, కాలం పోగొట్టుకోకండి. 126 అంచనాలు అక్కడ నడవవని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది.

మీటరు విషయంలో మీకు మంచి కబురే ఉంది. కనెక్షన్ అడిగే హక్కు విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో ఓనరుకే కాదు, ఆ స్థలంలో ఉంటున్నవారికీ ఉంది. ఇంటి యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో అద్దెకున్నవారికి కరెంటు నిరాకరించకూడదని, అతను ఆ స్థలంలో ఉన్నాడా లేదా అన్నదే చూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె ఒప్పందం, అద్దె కట్టిన రసీదులు జతచేసి, మీ పేరు మీద ఎల్‌టీ-3 పరిశ్రమల కేటగిరీలో దరఖాస్తు చేయండి. త్రీ ఫేజ్ మెషిన్ కొనాలన్నా దారి అదే. ఇంటి లైను నుంచి ఇంకో వైరు లాగే ఆలోచన మానుకోండి.

మీరు పంపిన ఫొటోను చాలాసేపు చూశాను. కిటికీ చువ్వ మీదుగా రెండు తీగల వైరు, మధ్యలో ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకు, ప్లేనరు ప్లగ్గుకి పై పిన్ను లేదు. ఆ పై పిన్నే ఎర్తు. అది లేకపోతే లోపల మోటారు తీగ చుట్ట (వైండింగ్) కాలి బాడీకి కరెంటు వచ్చినప్పుడు అది పోవడానికి మనిషి ఒంట్లోంచి తప్ప వేరే దారి లేదు. మీటరు దాటాక వైరింగ్ బాధ్యత వాడుకునేవాళ్లదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఆ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. త్రీ ఫేజ్ మోటారు బాడీకి ఒక ఎర్తు చాలదు, విడివిడిగా రెండు ఉండాలి. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకి కలిపేసి ‘ఎర్తు ఇచ్చేశాం’ అంటే ఒప్పుకోకండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకైన కరెంటును పసిగట్టి క్షణంలో లైను కట్ చేసేది అదే. లోడు ఎక్కువైతే ట్రిప్పయ్యే మామూలు ఎంసీబీ స్విచ్చి ఆ పని చేయదు. ఎర్తు గుంత రెసిస్టెన్సును ఎండ కాసిన రోజున, నేల పొడిగా ఉన్నప్పుడు కొలిపించండి. వానాకాలంలో ఏ ఎర్తైనా బాగానే కనిపిస్తుంది.

పని పూర్తయ్యాక కాంట్రాక్టరు దగ్గర లైసెన్సు నంబరుతో కంప్లీషన్ రిపోర్టు, ఎర్తు కొలతల కాగితం తప్పకుండా తీసుకోండి. లైసెన్సు లేని తెలిసిన ఎలక్ట్రీషియన్ అయితే తక్కువలో చేస్తాడు, నిజమే. కానీ రేపు ఇన్‌స్పెక్టరు ముందు పెట్టడానికి మీ దగ్గర ఈ రెండు కాగితాలు తప్ప ఇంకేమీ ఉండవు.

పాత వైరింగ్ పీకేముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. అభ్యంతరం రాసేటప్పుడు నోటీసు మీ చేతికి ఏ తేదీన అందిందో మొదటి వాక్యంలోనే రాయండి. ఒక ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.